కాయితం షెడ్డు

పొద్దు గూకినాక ఖాకీ చొక్కా వేసుకున్నోడు ఎవడూ ఆ షెడ్డు ముందర బండి ఆపడు.

సిరివెళ్ళ దాటి ఆళ్లగడ్డకు పోయే దావలో, రోడ్డుకు ఎడమ పక్క దిగువన ఒక వంక ఉంది. వంక ఒడ్డున నాలుగు ఇనుప కంబాలు, పైన తుప్పు పట్టిన రేకులు... చుట్టుపక్కల పల్లెల వాళ్ళు శవాలు కాల్చే షెడ్డు అది. పగటి పూట గొర్రెల కాపర్లు దాని నీడన కూర్చొని సద్ది తింటారు. చీకటి పడిందంటే మాత్రం కుక్క కూడా అటు దిగదు.

మామూలు మనుషులకు ఏం కాదంట. ఖాకీ కనపడితేనే అది పలుకుతుందంట. అందుకే ఆటోలు తోలే వాళ్ళు సిరివెళ్ళలోనే ఖాకీ చొక్కా మీద తువ్వాల కప్పుకుంటారు. ఒక బస్సు డ్రైవరు ఆ మలుపు కాడ కిటికీ అద్దం మూసి, పాట పెద్దగా పెట్టుకుంటాడని కండక్టరే నాతో చెప్పినాడు.

ఏం వినపడుతుంది అంటే — ఆడమనిషి గొంతు. అరుపు కాదు, ఏడుపు కాదు. పక్కింటామె చేట ఇస్తావా అని అడిగినట్లు... మెల్లగా, ఆశగా —

"కాయితం తెచ్చినావా సార్?"

అంతే. ఒక్క మాట. అందుకే దానికి కాయితం షెడ్డు అని పేరు పడింది.

ఇది నాకు చెప్పినాయన పేరు జ్ఞానప్రకాశం. హెడ్ కానిస్టేబులు. నంద్యాల కోర్టు వీధిలో నాది టైపింగు అంగడి. కోర్టు కాయితాలు తీసుకుపోయే డ్యూటీ ఆయనది కాబట్టి, పదేండ్లుగా నా అంగడి బల్ల మీద కూర్చోని వెళ్ళని దినం లేదు. నల్లగా, ఎత్తుగా, మాట తక్కువ మనిషి. అట్లాంటి మనిషి ఒక పొద్దు వచ్చి, షట్టరు సగం దించమని, రెండు గంటల సేపు ఆపకుండా చెప్పినాడు. ఆయన చెప్పినట్లే చెబుతాను.

*

నాలుగేండ్ల కిందటి మాట. పత్తి జోరుగా వచ్చే కాలం. ఆళ్లగడ్డ అవతల ఆదిశేషయ్య పత్తి మిల్లులో మద్దిలేటి అని ఒక పిల్లోడు పని చేస్తుండె. ఇరవై ఆరేండ్లు. వాళ్ళ తమ్ముడు సంజీవయ్య కూడా ఆ మిల్లులోనే పత్తి బోరేలు మోసేవాడు. తండ్రి లేడు. తల్లి లింగమ్మ.

తెల్లారి ఐదు గంటలప్పుడు మద్దిలేటి చచ్చిపోయినాడు. మిల్లు వాళ్ళు ఫిట్సు వచ్చిందన్నారు. లింగమ్మ పోయేటప్పటికి శవాన్ని మెడ దాకా తెల్లగుడ్డలో చుట్టి, తాళ్ళతో బిగించి పెట్టినారు. ముఖం ఒక్కటే కనపడుతుంది. ఆమె పక్కన కూలబడి, గుడ్డ పైనుంచే కొడుకును తడిమింది. ఎడమ భుజం, ఎడమ చెయ్యి... కుడి భుజం... ఆ కింద గుడ్డ మెత్తగా లోపలికి పోయింది.

కుడి చెయ్యి లేదు.

ఆమె అరవలేదు. లేచి, రోడ్డెక్కి, నంద్యాల బస్సు పట్టుకుంది. లాయరు కృపావతమ్మ ఆఫీసు గడప మీద కూర్చొని చెప్పింది: "తల్లీ, మిషన్‌లో పడినాడు నా కొడుకు. ఫిట్సు అంటాండారు. మేము మా వాళ్ళను పూడ్చుకుంటాం తల్లీ, కాల్చం. వాళ్ళు కట్టెలు తెప్పిస్తాండారు. ఎందుకు తెప్పిస్తాండారు?"

కృపావతమ్మ వెంటనే ఎస్సైకి ఫోను చేసింది. "నోటి మాట మీద నేను పాడె ఆపలేనమ్మా. కోర్టు కాయితం రానీ, ఆపుతా," అన్నాడాయన. ఆ పొద్దు ఆళ్లగడ్డ మేజిస్ట్రేటు సెలవు. ఇన్‌చార్జి నంద్యాలలో. మధ్యాహ్నం పిటిషను వేస్తే, నాలుగు గంటలకు ఆర్డరు చేతికొచ్చింది. శవాన్ని కాల్చరాదు, వెంటనే పోస్టుమార్టానికి పంపవలెను — రెండే వాక్యాలు. దాన్ని టైపు చేసిన కాయితం ఇంకా వేడిగా ఉండగానే జ్ఞానప్రకాశం జేబులో పెట్టుకున్నాడు.

లింగమ్మ ఆయన బండి హ్యాండిలు పట్టుకుంది.

"నన్ను ఎక్కించుకో సార్."

"వద్దమ్మా. నేను బేగా పోవల్ల. నువ్వు బస్సుకు రా."

ఆమె చెయ్యి తీసేసింది.

*

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్లు పైమాట. బండి మీద గంట. ఐదింటికల్లా పోయి ఉండాల్సింది.

సిరివెళ్ళలో టీ హోటలు ముందర ఒక మనిషి చెయ్యి అడ్డం పెట్టినాడు. సుబ్బయ్య. ఆదిశేషయ్య మిల్లు గుమస్తా. పరిచయం ఉన్నవాడే.

"జ్ఞానప్రకాశమన్నా! మబ్బు పట్టింది. ఒక టీ తాగి పోదువు రా."

"పని ఉంది అప్పా."

"ఎంతసేపన్నా? రెండు నిమిషాలు."

ఇక్కడికి వచ్చేసరికి జ్ఞానప్రకాశం నా ముందర తల దించుకున్నాడు. "వాడు నాకు ఏమీ ఇయ్యల్యా అప్పా. నేనేమీ తీసుకోల్యా. ఒట్టి టీ... అది చాలదా?"

ఒక టీ తాగినాడు. వాన మొదలైంది. ఇంకొక టీ చెప్పినాడు సుబ్బయ్య. కూతురు సంబంధం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడినాడు. కాయితం మాట ఎత్తనే లేదు. వాన తగ్గేసరికి ఆరు కావొచ్చింది. "నా బండి పంచరయిందన్నా, ఆళ్లగడ్డలో దించు," అని ఎనక ఎక్కి కూర్చున్నాడు.

ఆరుంబావుకు ఆ షెడ్డు కాడికొచ్చినారు. కింద ట్రాక్టరు నిలబడి ఉంది. కట్టెలు పేర్చినారు. ఐదారుగురు మనుషులు. నిప్పు ఇంకా పెట్టలేదు.

"ఒక్క నిమిషం ఆపన్నా," అన్నాడు సుబ్బయ్య.

బండి ఆగింది. సుబ్బయ్య బండి మీది నుంచే చెయ్యి పైకెత్తినాడు. శవానికి దండం పెడుతున్నాడేమో అనుకున్నాడు జ్ఞానప్రకాశం.

ఆయన జేబులో ఆర్డరు ఉంది. కింద శవం ఉంది. నడుమ ముప్పై అడుగులు.

"ఆర్డరు ఎస్సై పేర ఉంది గదన్నా," మెల్లగా అన్నాడు సుబ్బయ్య, అప్పుడే మొదటిసారి. "నువ్వు దిగి ఆపితే నీ మీదకు వస్తుంది. స్టేషనుకు పో. రూలు ప్రకారం పో."

రూలు ప్రకారమే పోయినాడు జ్ఞానప్రకాశం.

స్టేషన్లో ఎస్సై లేడు. అహోబిలం కాడ బందోబస్తు. కొండ పక్కన ఫోను కలవలేదు. కలిసేటప్పటికి ఏడు దాటింది. "ఆడనే ఉండి వచ్చినావా? పో, పరిగెత్తు, ఆపు!" అని అరిచినాడు ఎస్సై.

ఏడున్నరకు మళ్ళా షెడ్డు కాడికి వచ్చినాడు.

మంట రేకులను తాకుతోంది.

ట్రాక్టరు లేదు. మనుషులు లేరు. మళ్ళా దంచిన వానకు అందరూ వెళ్ళిపోయినారు. ఒక్క సంజీవయ్య మాత్రం మంటకు దూరంగా, ఒళ్ళంతా బురదతో, రెండు చేతులు చంకల్లో పెట్టుకొని నిలబడి ఉన్నాడు.

"శవం?" అన్నాడు జ్ఞానప్రకాశం.

వాడు ఆయన ముఖం చూసినాడు. చాలాసేపు చూసినాడు. రోడ్డు మీద ఆగి ఉన్న బండి వైపు చూసినాడు.

"అయిపాయ సార్," అన్నాడు.

అప్పుడు రోడ్డు మీద, వానకు ఆలస్యమైన నంద్యాల బస్సు ఆగిన చప్పుడు. లింగమ్మ దిగింది. వాలులో జారుకుంటా, లేస్తా వచ్చింది. మంట వైపు చూడలేదు. నేరుగా ఆయన ముందరికొచ్చి, రెండు చేతులూ చాపి —

"కాయితం తెచ్చినావా సార్?"

ఆయన తీసి చూపించినాడు. ఆమెకు చదువు రాదు. తడి వేళ్ళతో దాన్ని ముట్టుకొని, మళ్ళా ఆయన చేతిలోనే పెట్టింది.

ఆ రాత్రి ఆయన స్టేషన్లో కూర్చొని రాసినాడు. వర్షం వలన, ఎస్సై గారు అందుబాటులో లేనందువలన ఆలస్యమై, ఉత్తర్వు అందేలోపే దహనం పూర్తయినందున అమలు చేయుటకు వీలు కాలేదు. కింద సంతకం. శవం లేకపోతే సాక్ష్యం లేదు. సాక్ష్యం లేకపోతే కేసు లేదు. మిల్లు మళ్ళా తిరిగింది.

*

మరుసటి వారం నుంచి లింగమ్మ ఆ షెడ్డులోనే కూర్చోవడం మొదలుపెట్టింది. పొద్దున కూలికి పోయేది, సాయంత్రం షెడ్డుకు వచ్చేది. ఖాకీ చొక్కా ఎవరిది కనపడినా రోడ్డు పక్కకు ఎక్కి వచ్చేది. ఆటో అయినా, బస్సు అయినా, పోలీసు జీపు అయినా.

"కాయితం తెచ్చినావా సార్?"

తల చెడిందన్నారు. కొందరు తినడానికి ఏదైనా ఇచ్చిపోయేవాళ్ళు. జ్ఞానప్రకాశం ఆ దావన రెండు మూడు సార్లు పోయినాడు. ముఖం అవతలికి తిప్పుకొని, గేరు మార్చి పోయినాడు. ఆ తర్వాత ఆ రోడ్డే వదిలేసి, గోస్పాడు మీదుగా కోవెలకుంట్ల తిరిగి, చుట్టూ పోయేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పదమూడు నెలలు కూర్చుంది. ఒక చలి రాత్రి ఆ షెడ్డు కంబానికి ఆనుకొనే ప్రాణం పోయింది. పొద్దున గొర్రెల కాపర్లు చూసినారు. ఊరి శ్మశానం మాన్యంలో పూడ్చినారు.

ఆమె పోయిన నెలకు... గొంతు మొదలైంది.

*

పోయిన కార్తీక మాసంలో, కోవెలకుంట్ల దావలో కల్వర్టు తెగింది. సాయంత్రం ఆరు గంటలప్పుడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు అత్యవసరంగా ఒక ఫైలు తేవాల్సి వచ్చింది. వేరే దావ లేదు. జ్ఞానప్రకాశం హెల్మెట్టు బిగించుకొని బయలుదేరినాడు. ఖాకీ మీద రెయిన్‌కోటు వేసుకున్నాడు, నిండా గుండీలు పెట్టుకున్నాడు.

ఆ మలుపు కాడికి వచ్చినాడు. రోడ్డు మీద నీళ్ళు. బండి దగ్గింది... ఒకసారి... రెండు సార్లు... ఆగిపోయింది.

కిక్కు కొట్టినాడు. కొట్టినాడు. ఊపిరి అందక ఆగినాడు.

వాన సన్నగా పడుతోంది. కింద వంక నీళ్ళ చప్పుడు. షెడ్డు రేకుల మీద చినుకులు. లారీ ఒకటి పోయింది, దాని లైటు షెడ్డు మీద పడి జారిపోయింది. ఆ లైటులో, షెడ్డుకు అవతల, వంక ఇసకలో — ఎవరో వంగి ఉన్నారు. నెత్తి మీద చీర కప్పుకొని.

లైటు పోయింది. చీకటి.

మెడ మీద వెంట్రుకలు నిలబడినాయి అన్నాడు. బండి అట్లే వదిలి పరిగెత్తుదామనుకున్నాడు.

అప్పుడు వినపడింది.

"కాయితం తెచ్చినావా... సార్?"

గొంతు సన్నగా ఉంది. కొంచెం బొంగురు. చలిలో ఉండి మాట్లాడినట్లు.

"నేను పారిపోల్యా అప్పా," అన్నాడు జ్ఞానప్రకాశం నాతో. "ధైర్యం అనుకోవాక. ఆ పొద్దు పారిపోతే మళ్ళా యాడికి పోవల్ల? గోస్పాడు దావ కూడా లేదు."

హెల్మెట్టు తీసి బండి మీద పెట్టినాడు. రెయిన్‌కోటు గుండీలు విప్పినాడు. వాలు దిగినాడు. అడుగు... ఇంకొక అడుగు... షెడ్డు కంబం పట్టుకొని నిలబడినాడు. అవతల చీకట్లో ఎవరో ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు.

"లింగమ్మా," అన్నాడు. మళ్ళా అన్నాడు. "లింగమ్మా... తెచ్చినానమ్మా. లేటుగా తెచ్చినా."

కంబం వదిలి ఒక అడుగు ముందుకేసినాడు.

"వాన అడ్డమొచ్చిందని రాసినా. ఎస్సై దొరకలేదని రాసినా. అదంతా నిజమే. కానీ సిరివెళ్ళలో నేను కూర్చొని టీ తాగినా. ఆ మిల్లు గుమస్తాతో గంట కూర్చున్నా. ఆరుంబావుకు ఈడ నిలబడినా నేను. నీ కొడుకును చూసినా. నిప్పు పెట్టల్యా అప్పటికి. కాయితం నా జేబులో ఉండె. దిగల్యా... నన్ను ఏమైనా చెయ్యి. చేసెయ్యి."

వాన పడుతోంది.

చీకట్లోంచి ఏడుపు వినపడింది. పళ్ళ బిగువున ఆపుకొని, ఆపుకోలేక, గొంతులోంచి తన్నుకొచ్చిన ఏడుపు.

అది మగవాడి ఏడుపు.

జ్ఞానప్రకాశం సెల్లు తీసి లైటు వేసినాడు. తల్లి చీర నెత్తిన కప్పుకొని, ఇసకలో మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు... సంజీవయ్య.

"నువ్వా? రేయ్, నువ్వా? ఈ వేషం ఏంది?"

"ఇసక ట్రాక్టర్లోళ్ళు సార్," వాడు వెక్కుతా అన్నాడు. "రాత్రిళ్ళు వచ్చి తవ్వుకుపోతాండారు. ఎంత చెప్పినా ఇనల్యా. ఒకసారి అమ్మ మాదిరి పిలిచినా. ట్రాక్టరు వదిలేసి ఉరికినారు. అప్పటి నుంచి... ఈ పక్కకు ఎవరూ రావొద్దని... ఖాకీ వాళ్ళకే వినపడుతుందని ఎవరు పుట్టించినారో నాకు తెలీదు సార్."

"ఇసక తవ్వితే నీకేంది?"

వాడు రెండు అరచేతులూ లైటు కింద చాపినాడు. చర్మం ముడతలు పడి, తెల్లగా, మెరుస్తా... కాలిన మచ్చలు. వేళ్ళు సగమే చాచగలడు.

"మా అన్నను కాల్చల్యా సార్."

"ఏందీ?"

"నా చేతనే నిప్పు పెట్టించినారు. కాళ్ళ పక్క అంటుకుంది. అప్పుడే పెద్ద వాన దంచింది. వాళ్ళు ట్రాక్టరెక్కి పోయినారు. చూస్తా చూస్తా ఎట్ల కాలనీయల్ల సార్? మా వాళ్ళను మట్టిలో పెట్టుకుంటాం మేము. కట్టెల మీద నుంచి లాగినా. ఇసక మెత్తగుండె. ఈడ్నే గుంత తీసి పూడ్చినా. మళ్ళా పోయి, వాళ్ళు వదిలిపోయిన డీజిలు పోసి, ఒట్టి కట్టెలు అంటించినా."

జ్ఞానప్రకాశం సెల్లు లైటు ఇసక మీదకు తిప్పినాడు.

"నేను వచ్చేటప్పటికి..."

"అప్పుడే చేతులు కడుక్కొని నిలబడినా సార్. నువ్వు శవం యాడ అన్యావు. నీ ఎనకాల... పది అడుగులు."

ఆర్డరు ఆలస్యంగా రాలేదు. అమలు చేయడానికి శవం ఆడనే ఉండె. మంట ఎనకాల, తడి ఇసకలో, మోకాలు లోతున.

"రేయ్... చెప్పల్యాకపోతివి? ఒక్క మాట! నా చేతిలో కోర్టు ఆర్డరు ఉండెగదరా!"

సంజీవయ్య తలెత్తినాడు. కోపం లేదు ఆ ముఖంలో. అలసట ఒక్కటే.

"ఎట్ల చెప్పల్ల సార్? అంతకు ముందరే కదా నువ్వు రోడ్డు మీద బండి ఆపితివి. నీ ఎనకాల సుబ్బయ్య కూర్చోని ఉండె. చెయ్యి ఎత్తినాడు. వాడు చెయ్యెత్తితేనే నా చేతికి కొరివి ఇచ్చినారు. నువ్వు వాళ్ళ మనిషివే అనుకున్యా. ఈ దినం... నువ్వు అమ్మకు చెప్పుకున్న దాకా అట్లే అనుకున్యా."

జ్ఞానప్రకాశం ఇసకలో వాడి ముందర కూర్చున్నాడు.

"మీయమ్మకు తెలుసునా?"

వాడు తల అడ్డంగా ఊపినాడు. "చెప్తే నిలబడి ఊరంతా అరిచేది సార్. మిల్లోళ్ళు వచ్చి తవ్వుకుపోయేవాళ్ళు. నన్నూ బతకనిచ్చేవాళ్ళు కాదు. రేపు చెప్దాం, కేసు మళ్ళా లేస్తే చెప్దాం అని... ఆయమ్మ ఈడ కూర్చున్నన్నాళ్ళూ నేను ఈ పక్కకు రాల్యా. మొగం చూడల్యాక. చెప్పకనే పోయె సార్. కాయితం కాయితం అని అడుక్కుంటానే పోయె."

*

జ్ఞానప్రకాశం ఆ రాత్రి ఇంటికి పోలేదు. బండిని ఎట్లనో లేపుకొని పోయి ఫైలు ఇచ్చేసి, తెల్లారేదాకా నా అంగడి మెట్ల మీద కూర్చున్నాడు. నేను షట్టరు ఎత్తేటప్పటికి అట్లే ఉన్నాడు, తడి బట్టలతో. ముందర నాకు చెప్పినాడు. తర్వాత టైపు చేయమన్నాడు. టీ సంగతి, గంట సంగతి, చెయ్యెత్తిన సంగతి, అంతా. "అన్నా, ఇది పెడితే నీ ఉద్యోగం పోతుంది," అన్నాను. "కొట్టు," అన్నాడు.

కృపావతమ్మ మళ్ళా పిటిషను వేసింది. మేజిస్ట్రేటు రెండు సార్లు చదివి, జ్ఞానప్రకాశాన్ని చాలాసేపు చూసి, సంతకం పెట్టినారంట. ఆ కాయితాన్ని ఆయనే తీసుకుపోయినాడు. సస్పెన్షను ఆర్డరు చేతికి రావడానికి ఇంకా ఒక దినం ఉంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఎక్కడా కాలు కింద పెట్టలేదు.

మూడో దినం పొద్దున తాసిల్దారు వచ్చినాడు. డాక్టరు వచ్చినాడు. వీడియో తీసేవాడు, నలుగురు కూలీలు. నేనూ పోయినాను. సంజీవయ్య ఒక చోట నిలబడి, కాలితో ఇసక మీద గీత గీసినాడు. తల ఇటు, కాళ్ళు అటు అని చూపించినాడు.

"మెల్లగా తవ్వండి," అన్నాడు డాక్టరు.

జానెడు లోతు పోకముందే ఒక కూలీ పార ఆపినాడు.

"సార్... ఏందో ఉంది."

వంగి చేత్తో తీసినాడు. నిమ్మకాయంత మూట. రంగు వెలిసిన నైలాను గుడ్డ, గట్టిగా ముడి వేసి ఉంది. విప్పితే లోపల ఒక వక్క, కొన్ని పుచ్చిన జొన్నలు. వంకలో కొట్టుకొచ్చిందేమో అనుకున్నాం. జానెడు అవతల ఇంకొకటి దొరికింది. ఇంకొకటి. ఒకే గుడ్డ. ఒకే ముడి. తలకాడి నుంచి కాళ్ళ దాకా, సంజీవయ్య గీసిన గీత వెంబడే, వరసగా.

తాసిల్దారు గుమస్తా వాటిని గోనెపట్టా మీద పరిచినాడు. పదమూడు.

"నువ్వు పెట్టినావా?" అని అడిగినాడు డాక్టరు.

సంజీవయ్య ఒక గుడ్డ ముక్క తీసుకొని వెలుతురుకు పట్టినాడు. ఆకుపచ్చ మీద పసుపు పువ్వులు, వెలిసి వెలిసి గీతలుగా మిగిలినాయి.

"అమ్మ చీర కొంగు సార్ ఇది. సచ్చిపోయినప్పుడు కట్టుకోనుండె. కొంగు లేకుండా ఉండె చీర... ఎలకలు కొట్టినాయేమో అనుకున్యా."

మాలో పెద్దవాడు, ఒక కూలీ, తల గుడ్డ తీసి చెప్పినాడు. పూడ్చిన బిడ్డ కాడ అమావాస్య అమావాస్యకు తల్లి పెట్టే మూట అది. గింజలు, వక్క. సమాధి ఎక్కడుందో తెలిసిన తల్లే పెడుతుంది.

"ఆయమ్మకు ఎవరు చెప్పినారు?" అన్నాడు జ్ఞానప్రకాశం. "నువ్వు చెప్పల్యా అంటివే."

"నేను చెప్పల్యా. దేవుని తోడు, ఎవరికీ చెప్పల్యా సార్. ఆ వానలో నేను దప్ప మనిషి లేడు ఈడ."

పిచ్చిది అనుకున్నాం ఆమెను. ఆరిపోయిన మంట కాడ ఏడుస్తోంది అనుకున్నాం. పదమూడు నెలలు ఆమె కొడుకు తలకాడ కాపలా కూర్చుంది. చిన్నోడి ప్రాణం పోతుందని నోరు కట్టుకొని, పెద్దోణ్ణి బయటికి తీసే కాయితం కోసం దావన పోయే ప్రతి ఖాకీని నిజంగానే అడిగింది. తీసుకురమ్మనే అడిగింది.

కూలీలు మళ్ళా తవ్వినారు. రెండడుగుల లోతున తెల్లగుడ్డ కనపడింది. తాళ్ళు కుళ్ళలేదు. డాక్టరు కత్తిరించి, తెరిచి, చాలాసేపు చూసినాడు. కుడి భుజం కాడ ఎముక చీలికలుగా ఉంది. దాని కింద ఏమీ లేదు.

"రాసుకో," అన్నాడు గుమస్తాతో.

కేసు నడుస్తోంది. మిల్లు మూతబడింది. మిషన్లు పాత ఇనుముకు పోయినాయి. ఆదిశేషయ్య ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడు. సుబ్బయ్య ఊరు వదిలినాడు. జ్ఞానప్రకాశం విచారణకు వాయిదా వాయిదాకు వస్తాడు, బల్ల మీద కూర్చుంటాడు, పోతాడు.

ఆ పొద్దు ఎముకలను పెట్టెలో పెట్టి జీపెక్కించినాక, మూటలను కూడా సీలు చేయాలన్నాడు తాసిల్దారు. సంజీవయ్య కాలిన వేళ్ళతో పట్టా మీది నుంచి ఒక్కొక్కటే ఎత్తి సంచిలో వేస్తున్నాడు. పదమూడూ వేసినాక పట్టా మీద ఇంకొక మూట మిగిలింది; దాని కాడ వాడి చెయ్యి ఆగిపోయింది.

దాని గుడ్డ పాతది కాదు. రంగు తేటగా ఉంది, ఆకుపచ్చ మీద పసుపు పువ్వులు. ముడి అదే. విప్పితే జొన్నలు నేల మీద పడినాయి — బంగారం రంగులో, పుచ్చు లేకుండా, ఈ ఏటి జొన్నలు.